నల్లమల: అడవియు, అడవివారును

తెలుఁగుదేశపు పటమును ముందిడికొని చూచినచో కృష్ణానదికిని పెన్నానదికిని నడుమ ఉత్తర దక్షిణములుగా సాగిన కొండల వరుస యొకటి కానవచ్చును. తూర్పుకనుమలలో నిదియొక భాగము. దీనికి నల్లమల యని పేరు. మల యనఁగా కొండ. నంద్యాల బయళ్లలో నిలిచి ప్రొద్దువాలు వేళ తూర్పువైపు చూచినవారికి ఆ పేరు సార్థకముగానే తోఁచును. కృష్ణ కుత్తరపు టొడ్డున నిదే కొండసీమ చదునుగా పీఠమువలె పఱచుకొని అమరాబాదు పీఠభూమి యను పేరు వహించినది. రెంటి నడుమ నది లోతైన గండి కోసికొని పాఱుచున్నది. రాజ్యములు మాఱినప్పుడెల్ల ఈ నదియే హద్దుగా నుండెను. ఒక గట్టు నిజాముది, ఒక గట్టు మదరాసు దొరలది. 1956లో రెండు గట్లును ఒకే రాష్ట్రమయ్యెను. 2014లో మఱల రెండయ్యెను. పులికిని జింకకును ఈ హద్దులతో పనిలేదు. చెంచువానికిని నిన్న మొన్నటివఱకు లేకుండెను.

ఈ సీమనుగూర్చి మనకు స్థలపురాణములు మెండు, చరిత్ర కొఱఁత. శ్రీశైలమునుగూర్చి వ్రాసినవారు ఆలయమును వర్ణించి అడవిని దాఁటిపోయిరి. వేఁటకాండ్రు పులితలల లెక్క వ్రాసికొనిరి. అడవిశాఖవారు దుంగల లెక్క వ్రాసిరి. అడవిలోఁ గాపురమున్న వారికి వ్రాఁత రాదు గనుక వారి లెక్క యెవ్వరును వ్రాయలేదు. ఈ కొఱఁతను నేనొక్క వ్యాసముతోఁ దీర్పఁజాలను గాని, తెలిసిన సంగతులను ఒక వరుసను బెట్టిచూచిన యెడల, మన మిన్నాళ్లుగా ఏవైపునుండి చూచుచున్నామో యైనఁ దెలియవచ్చును.

కొండల వయస్సు ముందు చెప్పవలెను. ఇవి కడప రాతిపొరలని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలుచు వర్గములోనివి. నూఱు కోట్ల యేండ్లకు మించిన పూర్వమున నొక సముద్రపు టడుగున ఇసుకయు బురదయు పేరుకొని గట్టిపడి బిళ్లరాయి, పలకరాయి యైనవి. తరువాతి భూచలనములకు ఆ పొరలు దుప్పటివలె ముడుతలు పడి నిలిచినవి. భైరేనికొండ, గుండ్లబ్రహ్మేశ్వరము మొదలయిన శిఖరములు మూఁడువేల యడుగులకుఁ బైఁబడిన యెత్తు. ఎత్తు గొప్పది కాదు. హిమాలయముల మాట యటుండఁగా, నీలగిరులతోఁ బోల్చినను ఇవి గుట్టలే. కాని బిళ్లరాయి పగుళ్లలో వాననీరు దిగి యడుగున నిలువయుండి, కొండపాదమున నూటలై వెలువడును. మహానంది కోనేటిలో ఏఁడాది పొడుగున నొకేరీతిగా నుబుకు నీ రిట్టిదే. దానితోఁ జుట్టుపట్ల అరఁటితోఁటలు పండుచున్నవి. గుండ్లకమ్మ నల్లమలలోఁ బుట్టి కంభము చెఱువును నింపి సముద్రమున కేగుచున్నది. విజయనగర రాజుల కాలమునఁ గట్టిన యా చెఱువునుజూచి కట్టించినవారిని మెచ్చుకొనని బాటసారి లేఁడు. నీ రెచ్చటిదని యడిగినవాఁ డరుదు.

చెట్లలో నెక్కువ ఆకురాల్చునవే. టేకు, నల్లమద్ది, ఏగిస, చండ్ర, చిరుమాను, తుమికి, ఇప్ప, మోదుగ, సార, నల్లజీడి, రేల, వీని నడుమ వెదురు పొదలు, నేలను బోదగడ్డి. దక్షిణమునఁ గడపవైపునకుఁ బోయినకొలఁది ఎఱ్ఱచందనము కానవచ్చును. మాఘ ఫాల్గుణములలో నడవి యంతయు మోడువాఱి రాతియెముకలు బయటఁబడును. అప్పుడే మోదుగలు పూచును, ఇప్పపూలు రాలును. చైత్రమున నెచ్చటనో నిప్పు రాఁజుకొని గడ్డి కాలును. తొలకరి పడిన పదిదినములకు, ఇదివఱకు చూచిన యడవి యిదియేనా యని భ్రమ కలుగునట్లు పచ్చనగును. ఈ యెండుటయు చిగుర్చుటయు తెలియనివాఁడు ఈ యడవిలోని మృగములనడకను తెలిసికొనఁజాలఁడు. ఏలయన వేసవిలో నీరున్న చెలమలచుట్టే సమస్త జంతుజాలమును జేరును. పులి యచ్చటనే కాచియుండును. పూర్వపు వేఁటకాఁడును అచ్చటనే మంచె కట్టుచుండెను.

పెద్దపులి, చిఱుతపులి, రేచుకుక్క, ఎలుగుబంటి ఇచ్చటి క్రూరజంతువులు. కణితి, చుక్కలదుప్పి, మనుబోతు, కొండగొఱ్ఱె, అడవిపంది వానికాహారము. కొండగొఱ్ఱె యని మనవారు పిలుచునది నిజమునకు గొఱ్ఱె కాదు, నాలుగు కొమ్ములుగల యొక చిన్నజింక. మగదాని నుదుటిమీఁద రెండు చిన్న కొమ్ములును, వానివెనుక రెండు పెద్ద కొమ్ములును ఉండును. ప్రపంచములో నాలుగు కొమ్ములతోఁ బుట్టు అడవిజంతువు మఱియొకటి లేదు. అలుగు, ఏదుపంది, బెట్టుడుత, ఉడుము, కొండచిలువ, కృష్ణలో మొసళ్లు. ఒక పెద్దపులి బ్రదుకవలెనన్న ఏఁటికి సుమారు ఏఁబది పెద్దమృగములు కావలెనని జంతుశాస్త్రజ్ఞుల యంచనా. అనఁగాఁ బులి యున్నదన్న దుప్పి యున్నదని యర్థము. దుప్పి యున్నదన్న గడ్డియు నీరును నున్నవని యర్థము. పులిని లెక్కించుట యడవిని లెక్కించుటయే.

ఏనుఁగు మాత్ర మిచ్చట లేదు. శ్రీశైల ప్రాకారమునందు చెక్కిన శిల్పములలో నేనుఁగులు, గుఱ్ఱములు, వేఁటకాండ్రు, పులులు, జింకలు వరుసలుగాఁ దీరియున్నవి. ఆ యేనుఁగులు రాజుల సేనలోనివి గాని యీ వనమున సంచరించినవి కావు. ఆ గోడను జూచి యడవిని గుర్తింపఁబూనిన వారికిది యొక హెచ్చరిక.

ఇంక మనుష్యుల చరిత్ర. కృష్ణ తీరమున నల్లమల కొమ్మలు చుట్టుకొనిన లోయలో ఇక్ష్వాకు రాజులు క్రీస్తుశకము 3వ శతాబ్దిలో విజయపురిని రాజధానిగాఁ జేసికొని విహారములు, చైత్యములు నిలిపిరి. ఆ రాజ్యము పోయిన పిమ్మట అడవి మఱల నా లోయను గప్పివేసెను. 1926లో శిథిలములు బయటఁబడువఱకు నది పశువులకాపరులకుఁ దప్ప తెలియని చోటు. నాగరకత యనునది యొకసారి వచ్చినచో నిలిచిపోవునను మన నమ్మకమునకు నల్లమల అప్పుడప్పు డిట్టి సమాధానము చెప్పుచుండును.

శ్రీశైలము మాత్రము మఱపున పడలేదు. త్రిపురాంతకము, సిద్ధవటము, అలంపురము, ఉమామహేశ్వరము అను నాలుగు ద్వారములు చెప్పి, నాలుగు దిక్కులనుండియు జను లీ యడవిని జొచ్చిరి. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని యొక భాగమునే దీనికి విడిచిపెట్టెను. కొండవీటి ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించెను. అనవేమారెడ్డి వీరశిరోమండపము నిర్మించెను. విజయనగరపు రెండవ హరిహరరాయలు ముఖమండపమును, ఆతని రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లును కట్టించిరి. 1677లో శివాజీ వచ్చి దర్శించెను. వీరశిరోమండపమున భక్తులు తమ తలలు దామే కోసికొని శివున కర్పించిరని శాసనములు పొగడుచున్నవి. భక్తి యెంత తీవ్రమైనను ప్రాణము తీసికొనుటను బుణ్యముగా శాసనమున కెక్కించిన కాలమును మనము మెచ్చుకొననక్కఱలేదు. ఆ తలలలో రాజబంధువులవి యెన్ని, పేదవీరులవి యెన్ని యని విచారించిన చరిత్రకారుఁ డున్న బాగుండును.

ఈ యాత్రికులకు దారి చూపినవారు చెంచులు. భాష తెలుఁగే, ఇంటిపేర్లు, గోత్రములు గలవు, కాని సేద్యము లేదు, పశువులు కొలఁది, ఊరనునది లేదు. నాలుగైదు గుడిసెలు గల ‘పెంట’యే వారి యూరు. గుండ్రని వెదురుతడికె గోడమీఁద గోపురమువలె గడ్డి కప్పిన గుడిసె. ఇనుపమొన తొడిగిన త్రవ్వుకోల, విల్లు, గొడ్డలి, తేనెకుండ వీరి యాస్తి. గడ్డలు త్రవ్వుట స్త్రీ పురుషు లిరువురి పనియు. తేనె తీయుట పురుషుని పని. నిట్టనిలువు బండకు వ్రేలాడు తేనెపట్టును గోయుటకు తాడుపట్టి దిగునపుడు, పైన తాడు కాచుటకు భార్య తోఁడబుట్టినవానినే నిలుపుదురు. చెల్లెలి పసుపుకుంకుమ లాతని చేతిలో నున్నంతసేపు ముడి జాఱదని వారి నమ్మకము. నీతిశాస్త్రము చదువనివారు బంధుత్వమును ఉపయోగించుకొన్న తీరు చూడుఁడు.

వీరిలో బాల్యవివాహములు లేవు. వరుని నేరుకొనుటలో కన్యకు మాట గలదు. పొందిక లేనపుడు విడిపోవుట నేరము కాదు. భర్త చనిపోయిన స్త్రీ మఱల పెండ్లి యాడుట వింత కాదు. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినపుడు బందోబస్తు లేనిదే పెండ్లి సాగలేదు. ఆ దినముననే నల్లమల పెంటలలో నెందఱు వితంతువులు క్రొత్త కాపురములు పెట్టుకొనిరో వారికి తెలియదు, మనకు తెలియదు, ఎవ్వరును వీధికెక్కలేదు. అనాగరకులని మనము పేరు పెట్టినవారు, మనము నూఱేండ్లు పోరాడి తెచ్చుకొన్న దానిని పోరాటమే యక్కఱలేక యనుభవించుచుండిరి. అంతమాత్రమున వారి బ్రదుకు స్వర్గమని నేననను. తొలుచూలులో తల్లులు, తొలియేఁట బిడ్డలు చనిపోవుట పెంటలలో మిక్కిలి యెక్కువ. చలిజ్వరమునకు ఆకుపసరు చాలదు.

అహోబిలమున నరసింహస్వామి చెంచులక్ష్మిని వలచి పెండ్లాడెనని మన కథలు చెప్పుచున్నవి. సంక్రాంతి మొదలు నలువది దినములు స్వామి పారువేఁటకు వెడలి చుట్టుపట్ల పల్లెలన్నియు తిరిగివచ్చును. శ్రీశైల మల్లన్నను చెంచులు చెంచు మల్లయ్య యని, తమ యల్లుఁడని పిలుతురు. మనము ఆ పెండ్లిని నాటకముగా నాడితిమి, సినిమాగాఁ దీసితిమి. దేవుఁ డల్లుఁడైన యింటివారిని గుడిలోనికి రానిచ్చుటకు మాత్రము చాలకాలము తడవుకొంటిమి.

1794లో కాలిన్ మెకంజీ శ్రీశైలమునకు వచ్చి, పర్వతమని జనులు పిలుచు ఆ గుడినిగూర్చి వ్రాసిన వ్యాసము ఏషియాటిక్ రిసర్చెస్ అను సంపుటములలో 1798లో ముద్రింపఁబడెను. తరువాత 1830లో మదరాసు సుప్రీముకోర్టు దుబాసి యేనుఁగుల వీరాస్వామయ్య కాశికిఁ బోవుచు అహోబిలము, మహానంది, ఆత్మకూరు మీఁదుగా శ్రీశైలమును దర్శించెను. ఆయన కాశీయాత్ర చరిత్ర తెలుఁగు వచనమున నొక రత్నము. నాఁడు కర్నూలు నవాబు శివరాత్రి యాత్రికుల యొద్ద సుంకము గొనుచుండెను. గుడికిఁ జేసిన మేలు తక్కువ. ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెఱువు, భీమునికొలను మీఁదుగాఁ బోవు ఆ కాలిబాట నేఁటికిని శివరాత్రికి నడచువారికిఁ దెలిసినదే.

1839లో కంపెనీవారు నవాబును పదవీభ్రష్టుని చేసి కర్నూలును స్వాధీనపఱచుకొనిరి. దొరలు మొదట చెంచులను కనుమదారుల కావలివారిగా నుంచిరి. 1840 దశకమున న్యూబోల్డు అను సైనికోద్యోగి వారినిగూర్చి యొక వ్యాసము వ్రాసెను. 1886లో నరహరి గోపాలకృష్ణమశెట్టిగారు కర్నూలుజిల్లా మాన్యుయల్‌లో మఱింత విపులముగా వ్రాసిరి. కాని 1882వ సంవత్సరపు మదరాసు అడవిచట్టముతో సంగతి మాఱెను. అంతవఱకు చెంచువాఁ డడవికి యజమాని యని యెవ్వరును పట్టా యీయకున్నను, కాఁడని యెవ్వరును జెప్పలేదు. చట్టము వచ్చిన పిమ్మట అడవి ‘రక్షితము’ అయ్యెను. చెంచువాని గడ్డ, తేనె, చింతపండు, సారపప్పు గుత్తదారుని యమ్మకపు సరకు లయ్యెను. తన చెట్టుక్రింది కాయను దానేఱి గుత్తదారునకుఁ గూలికి తూఁచి యిచ్చుట యతని వృత్తి యయ్యెను.

ఇంతలో గుంతకల్లునుండి బెజవాడకు ఇనుపదారి నల్లమలను జొచ్చెను. బొగద యొద్ద కొండను దొలిచి సొరంగము చేసిరి. దొరబావి యొద్ద లోయకు అడ్డముగా నెత్తైన యినుపవంతెన నిలిపిరి. 1887 నాఁటికి బండి నడచెను. నూఱేండ్లకు పైఁగా నా వంతెన బండ్లను మోసి, పెద్దపట్టాల దారి వచ్చినప్పుడు పనిమానెను. పట్టాలక్రింద దుంగలు, పొయ్యిలోఁ గట్టె, ఇంటికి వాసములు, తరువాత కాగితపు మిల్లులకు వెదురు: నల్లమలనుండి పల్లమునకు దిగిన సరకు చిట్టా యిది. దీనికిఁ దోడు, పులినిఁ జంపినవారికి మదరాసు ప్రభుత్వము రొక్కము బహుమాన మిచ్చుచుండెను. ఒకే ప్రభుత్వము చెట్టును గాచుటకు కావలివానిని, పులిని జంపుటకు వేఁటకానిని జీతములిచ్చి పోషించెను. చెట్టు సొమ్ము, పులి నష్టము. అడవి యొక్కటే వస్తువను తలంపు నాఁటి యధికారులకుఁ గలుగలేదు.

చెంచుల తలంపు వేఱు. వారి గారెల మైసమ్మ అడవిమృగముల కధిదేవత; వేఁటకుఁ బోవువాఁ డామెకు మ్రొక్కును. పూర్వము మగమృగమునే వేయవలెననియు, ఆఁడుదానిని జంపినచో మైసమ్మ యలుగుననియు పెద్దలు చెప్పుదురు. దీనిని మూఢనమ్మక మని మనము త్రోసివేయవచ్చును. కాని 1972లో వన్యప్రాణి రక్షణచట్టము వచ్చి వేఁటను నిషేధించువఱకు, తుపాకి పట్టిన దొరలకును జమీందారులకును నింతపాటి నమ్మకమైనను లేకపోయెను. మూఢత యెవ్వరిదో నేను నిర్ణయింపను.

కృష్ణ కావలి గట్టున, నిజాము ప్రభుత్వములో, అమరాబాదు సీమ ప్రభువుల వేఁటపట్టు. ఫరహాబాదు అని పేరుపెట్టిన మెట్టమీఁద వేఁటబంగళా కట్టిరి; ఫరహ యన సంతోషము. ఆ సీమలోనే 1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుఁడు సతితోఁగూడ చెంచుల పెంటలలో బసచేసెను. ఐరోపాలో యుద్ధము చెలరేఁగి, శత్రుదేశపు పౌరుఁడుగా ఆతఁడు హైదరాబాదులో చిక్కుపడిన కాలమది. చిక్కుపడుట మనకు లాభించినది. 1943లో ప్రకటింపఁబడిన ఆతని గ్రంథము చెంచుల బ్రదుకునకు నేఁటికిని మొదటి యాధారము. ఆతని సిఫారసువలన నిజాము ప్రభుత్వము సుమారు లక్ష యెకరముల యడవిని చెంచులకై ప్రత్యేకించెను. అందు వారు స్వేచ్ఛగా తిరిగి యేఱుకొని తినవచ్చుననియు, గుత్తదారు లడ్డు రాఁగూడదనియు నేర్పాటు. నదికిని దక్షిణపు గట్టున, యాత్రికులు, గుత్తదారులు, సారాయి ముందుగాఁ జేరిన కర్నూలు చెంచుల స్థితి పైగట్టువారికంటె హీనమని యాతఁడు చూపెను.

ఆ కాలముననే యొక యాక్షేపణ పుట్టినది: అడవివారిని అడవిలోనే యుంచి, పురావస్తుశాలలోని బొమ్మలవలె కాపాడుట న్యాయమా? వారి బిడ్డలకు బడి వలదా, వైద్యము వలదా? సంస్కరణమును గోరువారిలోఁ బెక్కుర కీ ప్రశ్న సబబుగాఁ దోఁచినది. నాకును ప్రశ్న సబబుగానే తోఁచుచున్నది. దానికి మనమిచ్చిన సమాధానమే సబబుగా లేదు. బడి యిచ్చుటకు ఊరు మార్పింపనక్కఱలేదు. పెంటకు వైద్యుఁడు నడచి పోవచ్చును. మనము రోడ్డుప్రక్క కాలనీ కట్టి, దున్నుట యెఱుఁగనివానికి రెండెద్దులిచ్చి, ఎద్దు లమ్ముకొన్నాఁడని వానిని నిందించితిమి.

స్వరాజ్యము వచ్చిన పిదప రెండు పెద్ద యానకట్టలు కొండల నడుమ వెలసెను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసిరి. 1967లో నీరు విడిచిరి. విజయపురి లోయ మునుఁగకముందు త్రవ్వి తీసిన శిల్పములను, కొన్ని కట్టడములను కొండనెత్తిమీఁదికిఁ జేర్చిరి. ఆ కొండ నేఁడు నీటినడుమ దీవి. ఇక్ష్వాకుల రాళ్లకు దొరకిన యీ భాగ్యము అందఱికిని దొరకలేదు. శ్రీశైలము ఆనకట్ట 1980 దశకపు తొలియేండ్లకు నిండి, ఎగువ కృష్ణ గట్లమీఁది సుమారు నూఱు గ్రామములు మునిఁగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా నూడఁదీసి అలంపురమున మఱల కట్టిరి. గుడికిఁ జోటు దొరకినంత త్వరగా రైతునకు భూమి దొరకలేదు. ఆ నీటితో లక్షల యెకరములు పండుచున్నవి, పట్టణములకు విద్యుత్తు వచ్చుచున్నది. దానిని కాదనుట కృతఘ్నత. మునిఁగినవారి లెక్క మఱచుటయు కృతఘ్నతయే.

పులిని గాపాడవలెనను తలంపు 1973లో దేశమున పథకరూపము దాల్చినది. నాగార్జునసాగర శ్రీశైల ప్రాంతమును 1978లో అభయారణ్యముగను, 1983లో పులుల రక్షితప్రదేశముగను బ్రకటించిరి. విస్తీర్ణము 3,568 చదరపు కిలోమీటర్లు. దేశమున నంత పెద్దది నాఁడు లేదు. 2014 విభజనముతో నదికి ఉత్తరపు భాగము అమరాబాదు పేరఁ దెలంగాణమునకును, దక్షిణపుది పాతపేరుతోనే ఆంధ్రమునకును జెందెను. 2022వ సంవత్సరపు గణనమున దక్షిణపు గట్టున 58 పులులును, ఉత్తరపు గట్టునఁ 12 పులులును గలవని తేలెను. పులి నదిని ఈఁదును గనుక ఈ రెండంకెలను విడివిడిగాఁ జదువుట పొరపాటు. ఈ నడుమకాలమున సాయుధ విప్లవకారులును పోలీసులును ఒకరినొకరు వేఁటాడుకొనిన యేండ్లు చాలఁ గలవు. ఆ యేండ్లలో అడవి యుద్యోగులు లోపలికిఁ బోవుటకు జంకిరి, చెంచులు మాత్ర మిరువైపుల దెబ్బలు దినుచు లోపలనే యుండిరి.

పులి పెరుగుట సంతోషమే. ఐతే పులి పేరిట చెంచుపెంటలను లేపి బయట పెట్టవలెనను యోచన పదేపదే వచ్చుచున్నది. పెంటలు తఱిగినచో మృగములకు కలవరము తఱుగునని యధికారుల వాదము. కొంత నిజము లేకపోలేదు: పూర్వపు చెంచులు వేఱు, నేఁటివారు వేఱు. మేఁకలు, మోటారు సైకిళ్లు, దుకాణములు పెంటలదాఁక వచ్చినవి. బయటివారు కొందఱు చెంచుల పేర నడవిలోఁ జేరిరి. కాని నల్లమల పులి తఱిగిన కారణములను వరుసగాఁ జెప్పుఁడన్న, బహుమానముల తుపాకి, గుత్తదారుని గొడ్డలి, ఇనుపదారి, ఆనకట్ట, దొంగవేఁట యుచ్చు అని చెప్పవలెను. త్రవ్వుకోల పేరు ఆ జాబితా చివరనైనఁ జేరునో లేదో. హైదరాబాదునుండి శ్రీశైలమునకుఁ బోవు రహదారి పులుల నడుమనే సాగుచున్నది. మృగములు బండ్లక్రింద పడకుండుటకై రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వఱకు మన్ననూరు యొద్ద తలుపు మూయు నేర్పాటు చేసిరి. పగలు మనము విసరిపోవు కాగితములు, సీసాలు, తినుబండారములు కోఁతులకును దుప్పులకును మేఁత. ఈ యాత్రికులను బయటఁ బెట్టుఁడని యెవ్వరును గోరలేదు.

2019లో మఱియొక గండము తలయెత్తెను. అమరాబాదు పీఠభూమిలో సుమారు 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము గనులకై శోధింపవలెనను ప్రతిపాదనకు కేంద్రప్రభుత్వపు అటవీ సలహాసంఘము సూత్రప్రాయముగా సమ్మతించెను. జిల్లాలో జనులు దారులకడ్డము కూర్చుండిరి. నగరములలో విద్యార్థులు, కవులు, నటులు గొంతు కలిపిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానిని ప్రతిఘటించుచు తీర్మానము చేసెను. ఈ సందర్భమున నేను గమనించిన దొకటి. పట్టణపువారి గోడపత్రికలపై పెద్దపులి బొమ్మ తఱచు కనఁబడెను. చెంచువాని బొమ్మ యరుదు. అడవి రాజకీయములలోఁగూడ మనకుఁ బులియే యిష్టదైవము.

2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున చెంచులు సుమారు 64 వేలుగాఁ దేలిరి. అందఱును నడవిలో లేరు. పల్లెలయంచున కూలిచేసికొని బ్రదుకువారే పెక్కుమంది. లోపలి పెంటలలో నున్నవారిలోఁ గొందఱిని అటవీశాఖ కావలివారిగాఁ బెట్టుకొన్నది. పులి యడుగు మట్టిలోఁ జూచి, నిన్నటిదా నేఁటిదా, ఆఁడుదా మగదా యని చెప్పఁగల చదువు వారిది. కెమెరా నెచ్చటఁ గట్టవలెనో చెప్పువాఁడును తఱచుగా చెంచువాఁడే. ఉద్యోగము దినవేతనము. పులులు పెరిగినవని ప్రకటించు సభలలో వేదికమీఁద కుర్చీ వారికిఁ బడినట్లు నేను వినలేదు.

2006 సంవత్సరపు అటవీహక్కుల చట్టము, పులుల రక్షితప్రదేశములలోఁగూడ ముందు వారి హక్కులను గుర్తించి పట్టా యీయవలెననియు, గ్రామసభ తెలిసి మనఃపూర్వకముగా వ్రాఁతమూలమున నొప్పుకొననిదే యెవ్వరిని గదల్పరాదనియు విధించుచున్నది. నిజాము కాలపు లక్ష యెకరముల యేర్పాటు మఱపున పడినను, ఈ చట్టము పుస్తకములో నున్నది. గ్రామసభ యనఁగా నాలుగు గుడిసెల పెంటలో, ఇప్పచెట్టుక్రింద, అర్జీ చదువనేర్చినవాఁ డొక్కఁడును లేని పదునైదుగురి కూటము. ఆ కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు దానినిఁ దెలుఁగున, వారి తెలుఁగున, నిదానముగా చదివి వినిపించుటకు కొందఱు చదువుకొన్న చెంచుయువకులు పూనుకొనుచున్నారు.

చైత్రపున్నమకు సలేశ్వరమున జాతర. నిట్టనిలువు బండలనడుమ పల్లమునకు దిగి జలపాతముక్రింది లింగమయ్యను జూచి రావలెను. పూజారులు చెంచులు. బండలదారి ముందు నడచి చూపువారును వారే. ఆ మూఁడు నాలుగు దినములును వేలజనము దిగి యెక్కుదురు. అడవి యెండి, గడ్డి రాలి, చెలమలలో నీరు తఱిగి, మృగములు దాహముతోఁ దిరుగు దినములవి. 2024లో ఆత్మకూరు వైపు అడవిదున్న యొకటి కెమెరాలకు జిక్కినది. నల్లమలలో ఆ జాతి కనఁబడి సుమారు నూటయేఁబది యేండ్లయినది. ఒంటరిది. తోడు వచ్చునో, వచ్చిన త్రోవనే మరలునో యని కావలివారు దాని జాడలను వెదకుచుఁ దిరిగిరి.